వెయ్యి గులాబీ కాగితాలు, ఒక్క మనిషి

మా బృందంలో నలుగురం. పాడేవాడికి గొంతు ఉంది, గిటారు వాయించేవాడు రోజూ రెండు గంటలు సాధన చేస్తాడు, డ్రమ్మర్‌కు తాళం తప్పదు. నాలుగోవాణ్ణి నేను. కీబోర్డు మీద నా వేళ్లు ఇప్పటికీ తడుముకుంటూనే ఉంటాయి. అందుకని ప్రచారం పని నాకు అప్పగించారు, నేనూ కాదనలేకపోయాను. బృందం పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇదీ ఒక కరపత్రమై కూర్చుంటుంది.

మావి సొంత పాటలు, తెలుగులో. ఏ సంగీత సంస్థతోనూ ఒప్పందం లేదు, చేసుకుంటామని అడిగినవారూ లేరు. హైదరాబాదులో మా మొదటి కచేరీకి పదకొండుమంది వచ్చారు. వారిలో నలుగురు బంధువులు. ఒకాయన పక్క హాల్లో జరుగుతున్న ఫొటోల ప్రదర్శన అనుకుని వచ్చి, మొహమాటానికి రెండు పాటలు కూర్చుని వెళ్లాడు. రెండో కచేరీకి నలభై రోజుల గడువు ఉంది. తలా 750 వేసుకుంటే 3,000 రూపాయలు పోగయ్యాయి. ఆ డబ్బుతో ఫోనుల్లో ప్రకటనలు కొందామని డ్రమ్మర్ అన్నాడు. కాగితం మీద పెడదామని నేనన్నాను. కాగితమంటే నాకు ఇష్టం. అప్పటికి అంతకు మించిన ఆలోచన ఏమీ లేదు.

మొదటి దెబ్బ అక్షరాల దగ్గరే తగిలింది. చాలా ప్రెస్సుల్లో తెలుగు డీటీపీ, అంటే కంప్యూటర్లో అక్షరాలు పేర్చే పని, ఇప్పటికీ ‘అను’ అనే ఫాంట్లతోనే జరుగుతుంది. ఫోనుల్లోనూ కంప్యూటర్లలోనూ ఒకేలా చెల్లే అక్షర పద్ధతి యూనికోడ్, అను ఫాంట్లు అది రాకముందువి. మనం ఫోనులో టైపు చేసి పంపిన తెలుగును అందులో అతికిస్తే పిచ్చిగీతలవుతుంది. ఆపరేటరు మళ్లీ మొదటినుంచి కొట్టుకోవాలి. మా పేరులో ‘ర్వ’ ఉంది. నేను ప్రూఫు చూడడానికి వెళ్లేసరికి ఆ వత్తు సొంత అక్షరాన్ని వదిలేసి పక్క అక్షరం కింద సర్దుకుంది. ఆపరేటరును అనడానికి నోరు రాలేదు. ఆయన ముందు పెళ్లి పత్రికలు, దశదిన కర్మ కార్డులు గుట్టగా ఉన్నాయి. మా పేరు ఆయనకు ఒక అక్కరలేని గొడవ.

ఇంటికి వచ్చి ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. అది ఉచితం. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర అందరికీ అందుబాటులోకి తెచ్చిన రామభద్ర, ధూర్జటి, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లూ ఉచితమే. రామభద్ర దిట్టంగా ఉంటుంది, రోడ్డు అవతలి నుంచి కనిపించాల్సిన పేరుకు దాన్ని వాడాను. కింది చిన్న వాక్యాలకు మండలి. అంతా అయ్యాక అక్షరాలను గీతలుగా మార్చి, పీడీఎఫ్ చేసి ఇచ్చాను. అలా ఇస్తే ప్రెస్సు కంప్యూటర్లో ఏ ఫాంటు ఉన్నా లేకపోయినా వత్తు కదలదు. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి నాకు ఆరు రోజులు పట్టింది.

చిక్కడపల్లిలో ఒక సందు చివర రైసో యంత్రం ఉన్న ప్రెస్సు దొరికింది. చూడడానికి జిరాక్సు యంత్రంలాగే ఉంటుంది గానీ లోపల జరిగేది స్టెన్సిల్ పని. మనం ఇచ్చిన బొమ్మను ఒక పలుచని పొర మీద సన్నని రంధ్రాలుగా కాల్చి, ఆ పొరను సిరా డ్రమ్ము చుట్టూ చుడుతుంది. కాగితం పోతున్నకొద్దీ రంధ్రాల్లోంచి సిరా దిగుతుంది. ఆ పొరను మాస్టర్ అంటారు, దానికి ఒకసారి డబ్బు కట్టాలి. ఆ తర్వాత కాపీ ఖర్చు పైసల్లోనే. ఇరవై కాపీలకైతే జిరాక్సే చవక, వందలు దాటితే రైసో దగ్గరికి వెళ్లాలి. ఒక ఏ4 కాగితం మీద నాలుగు కరపత్రాలు పేర్చాను. 375 కాగితాలకు 1,500 కరపత్రాలు వచ్చాయి. మాస్టర్, రంగు కాగితం, కటింగ్ అన్నీ కలిపి 680 రూపాయలు. ఒక జాగ్రత్త ఉంది: రైసో సిరా త్వరగా ఆరదు. నున్నటి ఆర్ట్ పేపరు మీద అసలు ఆరదు. గరుకు కాగితమే వాడాలి, ఒక రోజు ఆగాలి. నేను ఆగలేదు. మొదటి వంద కరపత్రాల మీద నా బొటనవేలి ముద్ర స్పష్టంగా ఉంది.

రంగు కాగితం తీసుకోవడంలో ఒక కుట్ర ఉంది. గులాబీవి 1,000, పసుపువి 300, ఆకుపచ్చవి 200 వేయించాను. అచ్చు ఒకటే, మాస్టర్ ఒకటే, కాగితం రంగే వేరు. గులాబీవి దినపత్రికల్లో పెట్టించడానికి, పసుపువి కాలేజీల దగ్గర మేమే చేతికి ఇవ్వడానికి, ఆకుపచ్చవి టీ కొట్ల కౌంటర్ల మీద ఉంచడానికి. అడుగున ‘ఈ కాగితం తెచ్చినవారికి స్టికర్ ఉచితం’ అని వేశాం. కచేరీ రోజు గుమ్మం దగ్గర ఏ రంగు ఎన్ని తిరిగొచ్చాయో లెక్క పెట్టుకుంటే చాలు, ఏ దారి పనిచేసిందో తేలిపోతుంది. ఇది నా జీవితంలో నాకు తట్టిన అతి తెలివైన ఆలోచన అని ఇప్పటికీ అనుకుంటాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు పేపరు కట్టలు దించే చోటికి వెళ్లాను. వెయ్యికి 350 రూపాయలు అన్నారు. పేపరు కుర్రాళ్లు ఫుట్‌పాత్ మీద చతికిలబడి, చూపు తిప్పకుండా ఒక్కొక్క పత్రిక మధ్యలోకి కాగితం తోస్తుంటే పేక ముక్కలు పంచుతున్నట్టు ఉంది. మా గులాబీ చీటీ ఒక నగల దుకాణం తళతళల కాగితానికీ ఒక పళ్ల డాక్టరు ప్రకటనకూ మధ్య ఇరుక్కుని వెళ్లింది.

అదే రోజు మధ్యాహ్నం పాడేవాడు ఫోను చేశాడు. యూట్యూబ్‌లో పెట్టిన పాటలో ఎక్కడో ఒకచోట గిటారు గరగరమంటోందట, తీసేసి శుభ్రమైనది మళ్లీ పెట్టాడట. యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియోను అదే చిరునామాలో మార్చడం కుదరదు, కొత్తది పెడితే చిరునామా కూడా కొత్తదే. కరపత్రం మీది క్యూఆర్ కోడ్ పాతదానికి వెళ్తుంది. వెయ్యి ఇళ్లకు ఆ ఉదయమే ఒక చచ్చిపోయిన కోడ్ పంచి వచ్చాను.

చేతిలో మిగిలిన 500 కాగితాలనైనా కాపాడదామని రబ్బరు స్టాంపు చేయించాను, 180 రూపాయలు. ‘పై కోడ్ పనిచేయదు. పాట పేరుతో వెతకండి. క్షమించండి’ అని మూడు వరుసలు. ఊదారంగు సిరా. నలుగురం కూర్చుని ఆఫీసు గుమాస్తాల్లాగా టపటపా కొట్టాం. విచిత్రం ఏమిటంటే, కాలేజీ దగ్గర కరపత్రం అందుకున్నవాళ్లు ముందుగా చదివింది ఆ స్టాంపునే. నవ్వారు. నవ్వినవాళ్లు పైన ఉన్నదీ చదివారు. అచ్చు వేసిన దానిమీద చేత్తో వేసిన గుర్తు ఉంటే మనిషి కన్ను అక్కడే ఆగుతుందని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత నుంచి కోడ్‌ను నేరుగా పాటకు కాకుండా మా సొంత పేజీకి పెడుతున్నాం, అక్కడి నుంచి ఎటు పంపాలన్నా మా చేతిలోనే ఉంటుంది. కోడ్ కనీసం 2 సెంటీమీటర్ల చదరం ఉండేలా, ముదురు సిరాతోనే వేయిస్తున్నాం. ఒకసారి అందంగా ఉంటుందని పసుపు సిరాతో వేస్తే ఏ ఫోనూ దాన్ని పట్టించుకోలేదు.

పోస్టర్ల కథ ఇంకా పెద్దది. ఛత్తాబజార్‌లో పెళ్లి పత్రికల దుకాణాల వెంట తిరిగి, స్క్రీన్ ప్రింటింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. బట్ట బిగించిన పాత చెక్క ఫ్రేము, రబ్బరు పట్టీ, బట్టకు పూసే మందు సీసా, కాస్త సిరా కలిపి 900కు ఇచ్చాడు. ‘ఫ్రేము నాది భాయ్, తప్పులు మాత్రం నీవి నువ్వే చేసుకోవాలి’ అన్నాడు. చెప్పినట్టే చేసుకున్నాను. పద్ధతి ఇది: బొమ్మను మామూలు కాగితం మీద లేజరు ప్రింటు తీసి, వెనక కొబ్బరినూనె రాస్తే కాగితం వెలుగును దాటనిస్తుంది. ఫ్రేము బట్టకు వెలుతురు తగిలితే గట్టిపడే మందు పూసి చీకట్లో ఆరబెట్టి, మీద ఈ కాగితం పరిచి, అద్దం పెట్టి ఎండలో ఉంచాలి. నల్లగా ఉన్నచోట మందు మెత్తగానే ఉండిపోతుంది, నీళ్లతో కడిగితే కరిగిపోతుంది, అక్కడి నుంచే సిరా దిగుతుంది. హైదరాబాదు మిట్టమధ్యాహ్నం ఎండలో నేను నాలుగు నిమిషాలు ఉంచాను. అంతా రాయిలా బిగుసుకుంది. రెండో ఆదివారం, మూడో ప్రయత్నంలో, ముప్పావు నిమిషానికి కుదిరింది. ఆ మందులో కలిపే బైక్రోమేటు మంచిది కాదు. తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు, వంటింటి సింకులో అసలు కడగకూడదు. మా అమ్మ వంటింటి గుమ్మం దగ్గర కాపలా కూర్చుంది.

పెద్ద కాగితం కొనడానికి డబ్బు లేక నేను వేసిన ఎత్తు పాత క్యాలెండర్లు. దుకాణాలవాళ్లు కొత్త సంవత్సరానికి పంచే దేవుడి బొమ్మల క్యాలెండర్లు మందంగా ఉంటాయి, వెనకవైపు తెల్లగా ఉంటుంది. చుట్టాల ఇళ్లలో అడిగి నలభై పోగు చేశాను. వెనక మా పోస్టరు బ్రహ్మాండంగా పడింది. ఆరేసిన వరుస చూసి అమ్మ అడిగింది, ‘వేంకటేశ్వరస్వామిని గోడవైపు తిప్పి మైదా పూసి అతికిస్తావురా?’ నా దగ్గర సమాధానం లేదు. పైగా గోడలకు అతికించడం నేరం కూడా. బహిరంగ స్థలాలను పాడుచేయకూడదని 1997 నాటి చట్టమే ఉంది, మున్సిపాలిటీవాళ్లు జరిమానా వేస్తారు. మాకు తెలిసిన కొట్లకు దారం కట్టి వేలాడదీసుకోమని ఇచ్చాం. వారం తర్వాత చూస్తే తొమ్మిది కొట్లలో ఏడుచోట్ల స్వామి ముందుకు తిరిగి ఉన్నాడు. ఒక టీ కొట్టు ఆయన దండ కూడా వేశాడు. ఇక దాన్ని తిప్పమని ఎలా అడుగుతాం?

రెండో కచేరీకి ముప్పై ఒక్కమంది వచ్చారు. పసుపు కాగితాలు 14 తిరిగొచ్చాయి, ఆకుపచ్చవి 3. గులాబీ కాగితం ఒకే ఒక్కటి.

ఆ ఒక్క కాగితం తెచ్చినాయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిసంచి. కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని తెచ్చాడు. మొదటి వరుసలో కూర్చుని చివరిదాకా కదలలేదు. అయిపోయాక నా దగ్గరికి వచ్చి, తెనాలి వైపు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడినని చెప్పాడు. ‘బాబూ, మీ డ్రమ్ముల మోతలో మాటలు వినబడలేదు. సాహిత్యం కాగితం మీద ఉంటే ఇవ్వండి, చదువుకుంటాను’ అన్నాడు. మా దగ్గర లేదు. కరపత్రం మీద సమయం ఉంది, స్థలం ఉంది, పనిచేయని కోడ్ ఉంది, క్షమాపణ ఉంది. పాట మాత్రం ఎక్కడా లేదు. ఒక పసుపు కాగితం వెనక రెండు చరణాలు రాసి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని అక్కడే నిలబడి, పెదాలు కదుపుతూ చదివాడు. ‘బాగుంది. పాడినప్పుడు తెలియలేదు’ అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మతో చెబితే లేచి పెట్టె తెరిచింది. అడుగున సినిమా పాటల పుస్తకాలు, ముప్పై దాకా. పల్చని కాగితం, ఒక రంగు అట్ట, మధ్యలో పిన్ను తుప్పు. సినిమా హాలు బయట పైసలకు అమ్మేవారట. లోపల నటీనటుల పేర్లు, కొంచెం కథ, పాటలన్నీ. కథ మంచి పట్టు మీదికి వచ్చేసరికి ఆపేసి ‘మిగతా వెండితెరపై చూడండి’ అని ఉంటుంది. ఆ సినిమాల్లో సగం కథలు అమ్మకు గుర్తు లేవు. పాటలు మాత్రం మూడో చరణం దాకా తడుముకోకుండా పాడుతుంది. ‘రేడియోలో వచ్చినప్పుడు పుస్తకం ముందు పెట్టుకునేదాన్ని’ అంది.

మూడో కచేరీకి కరపత్రం వేయలేదు. పాటల పుస్తకం వేశాం.

ఒకే ఏ4 కాగితంతో, పిన్ను అక్కరలేకుండా ఎనిమిది పేజీల పుస్తకం చేయవచ్చు. కాగితాన్ని అడ్డంగా పెట్టి ఎనిమిది గళ్లు అనుకోండి. పై వరుసలో ఎడమ నుంచి 5, 4, 3, 2 పేజీలు తలకిందులుగా, కింది వరుసలో 6, 7, 8, 1 మామూలుగా. మడతలన్నీ గట్టిగా పడ్డాక, కాగితం నడిమధ్యన అడ్డ మడత మీద మధ్య రెండు గళ్ల పొడవున బ్లేడుతో చీల్చాలి. తర్వాత పొడవునా సగానికి మడిచి రెండు చివర్లనూ లోపలికి నెడితే చీలిక నోరు తెరుచుకుంటుంది, పేజీలు వాటంతట అవే సర్దుకుంటాయి. అచ్చు ఒకవైపే పడుతుంది కాబట్టి రెండోవైపు ఖాళీ. అక్కడ పోస్టరు వేయించాం. పుస్తకం విప్పితే గోడకు పెట్టుకునే బొమ్మ. ఈసారి వెనక దేవుడు లేడు.

లోపల అయిదు పాటలు పెట్టాం. కచేరీలో వేరేవారి పాటలు రెండు పాడతాం గానీ వాటి సాహిత్యం అచ్చు వేసే హక్కు మాకు లేదు, వదిలేశాం. అయిదు పాటలకూ కలిపి నేను ఒక కథ అల్లాను, ఊరు వదిలి వచ్చిన కుర్రాడి కథ. సరిగ్గా అతను తిరుగు బస్సు ఎక్కాలా వద్దా అని నిలబడ్డచోట ఆపి ‘మిగతా కచేరీలో వినండి’ అని వేశాను. 300 ప్రతులు, రెండు మాస్టర్లు, 640 రూపాయలు. మడతలు మేమే పెట్టాం. మొదటిదానికి నాలుగు నిమిషాలు పట్టింది, మూడో సాయంత్రానికి నిమిషంలోపు వచ్చేసింది. గోరుతో మడత నొక్కితే వేలు పోతుంది, స్టీలు చెంచా వెనకవైపుతో రుద్దాలి. చీల్చే పని డ్రమ్మర్‌కు ఇచ్చాం. మిగతా ముగ్గురికన్నా అతని చేతికి లెక్క బాగా తెలుసు.

ఉచితంగా ఇద్దామని గిటారు అతను, వెల పెడదామని నేను. అయిదు రూపాయలు పెట్టాం. రెండో కచేరీ తర్వాత నేల మీద నుంచి నేనే కరపత్రాలు ఏరాను. అయిదు రూపాయల పుస్తకం ఒక్కటీ నేల మీద కనిపించలేదు. ఆబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల బజారులో ఒకాయన తన గుట్ట చివర ఇరవై పెట్టుకోనిచ్చాడు, పదిహేడు అమ్ముడయ్యాయి. కాలేజీ పక్క జిరాక్సు దుకాణంలో కాపీలు అయ్యేదాకా నిలబడాల్సినవాళ్లు ఎలాగూ ఏదో ఒకటి చదువుతారు. అక్కడ యాభై పోయాయి. వాటిలో కొన్నిటిని అక్కడికక్కడే జిరాక్సు తీసుకున్నారని యజమాని సంతోషంగా చెప్పాడు. మాకు రావాల్సిన అయిదు రూపాయలు ఆయనకు వెళ్లాయన్నమాట. అయినా కోపం రాలేదు.

మూడో కచేరీకి డెబ్బై నలుగురు. గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టాను, బంధువులు ఇద్దరే. మూడో పాట మొదలయ్యేసరికి చాలామంది ఒళ్లో పుస్తకాలు తెరుచుకున్నాయి, ఫోను లైట్లు వెలిగాయి. మావాడు పల్లవి ఎత్తుకున్నాడు: ‘చెరువు గట్టున చందమామ’. హాలు అతనితో గొంతు కలిపింది: ‘చెరుకు గట్టున చందమామ’.

ముద్రారాక్షసం. టైపు చేసింది నేనే, ప్రూఫు చూసిందీ నేనే. మావాడు పాడుతూనే నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. రెండోసారి పల్లవి వచ్చినప్పుడు అతను చెరువు అనే పాడాడు. జనం ఇంకా గట్టిగా చెరుకు అన్నారు. మూడోసారి అతను ఓడిపోయాడు.

తర్వాతి వారం రెండో ముద్రణ కోసం ఫైలు తెరిచి, ఆ మాట మీద కర్సరు పెట్టాను. పక్కన కూర్చున్న మావాడు ‘ఉంచు’ అన్నాడు. హార్మోనియం పెద్దాయన కూడా మూడో కచేరీకి వచ్చాడు. వెళ్లేటప్పుడు తన ప్రతి నా చేతిలో పెట్టాడు. పెన్సిలుతో ఇంకో మూడు తప్పులకు సున్నాలు చుట్టి ఉన్నాయి. వాటిని దిద్దాను.